గాడిదకి కిటికీ పక్క సీటు

వీరరాఘవులుకి నిద్ర సరిగ్గా పట్టక ఐదు నెలలైంది. మనిషిది కొవ్వూరు. ఢిల్లీ వచ్చి ఇరవై ఎనిమిదేళ్లు. కేంద్ర ప్రభుత్వంలో స్టెనోగ్రాఫరు ఉద్యోగం, ఆర్కే పురంలో రెండు గదుల క్వార్టరు. ఆయన నిద్రపోకపోతే ఆయన మటుకే మేలుకుంటే సరిపోయేది. అలా కాదు. భార్య అన్నపూర్ణేశ్వరిని తట్టి లేపి, "నువ్వు నిద్రపోయావా?" అని అడిగేవాడు.

ఆవిడే ఆయన్ని డిస్పెన్సరీకి తీసుకెళ్లింది. అక్కడి డాక్టరు రెండు రకాల మాత్రలు మార్చి చూశాడు. అవి పనిచెయ్యకపోయేసరికి పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి చీటీ రాసిచ్చాడు. 1997 ఫిబ్రవరిలో ఒక శుక్రవారం, మఫ్లరు చుట్టుకుని, చేతిలో ఆ చీటీ పట్టుకుని, వీరరాఘవులు సరోజిని గది ముందు బెంచీ మీద కూర్చున్నాడు.

సరోజినిది నంద్యాల. మందులిచ్చే డాక్టరు కాదు, మాట్లాడించి మనసు బాగుచేసే సైకాలజిస్టు. కానీ అందరూ డాక్టరమ్మా అనే పిలిచేవాళ్లు. కాదు కాదని చెప్పీ చెప్పీ విసుగొచ్చి మానేసింది. ఆ ఆసుపత్రికి తెలుగువాళ్లు ఎవరొచ్చినా, "మేడమ్, మీ వాళ్లొచ్చారు" అని ఆమె గదిలోకే తోసేవాళ్లు. రోజుకి పదహారు మంది. అందరిదీ కన్నీళ్ల కథే. పదేళ్లు అలా గడిచేసరికి ఆమెకి ఒక విద్య పట్టుబడింది. కళ్లు ఎదుటి మనిషి మీద, చెయ్యి కాగితం మీద, మనసు మాత్రం మునిర్కాలో తన ఫ్లాటులో. గ్యాస్ బుక్ చేశానా? మోటారు కట్టేశానా? భవ్యశ్రీ స్కూలు వ్యాను డ్రైవరు ఇవాళ కూడా ఆలస్యం చేస్తాడా? మధ్యమధ్యలో గొంతు దానంతటదే "హూఁ" అనేది. జాలికి ఒక హూఁ, ఆశ్చర్యానికి ఒక హూఁ, ఇక లేవండి అనడానికి ఒక హూఁ. ఆవిడేం చెడ్డమనిషి కాదు. అలిసిపోయిన మనిషి, అంతే.

మూడో శుక్రవారం వీరరాఘవులు మాటల్లో, "మా అత్తగారు నిన్న వెళ్లిపోయారండి" అన్నాడు.

"అయ్యో. ఎంత వయసు?"

"డెబ్బై రెండండి. జీటీ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లారు."

"పోనీలెండి. బాధ లేకుండా వెళ్లారు."

వీరరాఘవులు ఆవిడ మొహంకేసి చూశాడు. ఎదుటివాళ్ల మాట పొల్లుపోకుండా వినడమే ఇరవై ఎనిమిదేళ్లుగా ఆయనకి కూడు పెట్టిన పని. వినేవాళ్ల మొహం ఎలా ఉంటుందో, విననివాళ్ల మొహం ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు. మొదట కాస్త కష్టంగా అనిపించింది. బస్సెక్కాక నవ్వొచ్చింది. దిగేటప్పటికి ఒక కొంటె ఆలోచన వచ్చింది.

మరుసటి శుక్రవారం తన కడుపుబ్బరం గురించి, ఆఫీసులో కొత్తగా వచ్చిన కంప్యూటరు గురించి చెప్పి, అదే గొంతుతో, "మొన్న బస్సులో నా పక్క సీట్లోకి ఒక గాడిద వచ్చిందండి. టికెట్టు కూడా తీసుకుంది" అన్నాడు.

"అచ్ఛా. అప్పుడు మీరేం చేశారు?"

"కిటికీ పక్క సీటు ఇచ్చానండి. దానికి గాలి తగలాలి కదా."

"మంచి పని చేశారు" అంటూ సరోజిని కాగితం మీద ఏదో రాసుకుంది.

ఆ రాత్రి వీరరాఘవులు నాలుగు గంటలు ఏకధాటిగా నిద్రపోయాడు.

ఇక ఆయనకి గురువారం సాయంత్రాలు పండగయ్యాయి. భోజనం అవగానే షార్ట్‌హ్యాండ్ నోటుబుక్కు ముందు పెట్టుకుని, పెన్సిలు చెక్కుకుని, మర్నాడు ఏ అబద్ధం అతకాలా అని తీరిగ్గా ఆలోచించేవాడు. ఒక వారం వాళ్ల జాయింట్ సెక్రటరీ వేపచెట్టెక్కి కొమ్మమీంచి డిక్టేషన్ ఇచ్చాడు. సరోజిని "ఆయన మీద మీకు కోపం వచ్చిందా?" అని అడిగింది. ఇంకో వారం ఇంట్లో కుక్కరు ఆయన్ని పేరుపెట్టి పిలిచింది. దానికి సరోజిని "గౌరవంగానే పిలిచిందా?" అంది. ఆ ప్రశ్నకి వీరరాఘవులుకి మెచ్చుకోలుగా అనిపించింది కూడా. విననిది విననట్టే ఉంది, ప్రశ్న మాత్రం బాగా వేసింది! నోటుబుక్కులో ఒక్కోదాని పక్కనా చిన్న సున్నా చుట్టేవాడు. సున్నా అంటే పట్టుకోలేదని.

"ఆ డాక్టరమ్మ దగ్గరికెళ్తే ఈయన మొహం వెలుగుతోంది" అని అన్నపూర్ణేశ్వరి పక్క క్వార్టరు ఆంటీతో చెప్పుకుంది. గురు, శుక్రవారాల్లో ఆయనకి నిద్ర పట్టేది. మిగతా ఐదు రోజులూ మామూలే. తట్టి లేపడం, "నువ్వు నిద్రపోయావా?" అని అడగడం.

ఏప్రిల్ మొదటి బుధవారం ఈ ఆట బద్దలైంది.

ఆ విభాగంలో ప్రతి బుధవారం డాక్టర్లంతా ఒక బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరూ ఒక పేషెంటు గురించి చదివి వినిపించాలి. ఆ విభాగానికి పెద్ద డాక్టర్ సుధీంద్రది బళ్లారి, తెలుగు బాగానే వచ్చు. జనవరిలో పదిరోజులు మౌనంగా కూర్చునే ధ్యానశిబిరానికి వెళ్లొచ్చాడు. అప్పట్నించీ ఆయనకి ప్రతిదానికీ మందు శ్వాసే. పేషెంటు చెబుతుంటే కళ్లు మూసుకుని వినేవాడు. సోనీపత్ నించి వచ్చిన ఒక హవల్దారు బయటికొచ్చి, "సాబ్ నిద్రపోయారు, లేపలేదు పాపం" అని ప్యూనుకి చెప్పి వెళ్లిపోయాడు.

ఆ బుధవారం సరోజిని వంతు. బాగా కుదురుకుంటున్న పేషెంటు కదా అని వీరరాఘవులు ఫైలు తీసుకెళ్లింది. ముందుగా చదువుకోలేదు. ఎనిమిది మంది ముందు తన చేతిరాత తనే చదవడం మొదలుపెట్టింది.

"ఆకలి ఫరవాలేదు. ఆఫీసులో ఒత్తిడి. బస్సులో గాడిదకి సీటు ఇచ్చాడు. పరోపకార బుద్ధి పెరిగింది..."

అక్కడ ఆగింది. ఎవరో దగ్గారు. ఆగితే ఇంకా అనుమానం వస్తుందని కాబోలు, నోరు ముందుకే పోయింది. "పై అధికారి చెట్టు మీంచి మాట్లాడుతున్నాడు. కుక్కరు పేరుపెట్టి పిలిచింది. మూడ్ బాగుంది."

సుధీంద్ర కళ్లు తెరిచాడు.

"సరోజినీ, ఈయనకి నిద్రలేమి అని కదా రాశావు? ఇది నిద్రలేమి కాదమ్మా. లేని గొంతులు వినబడుతున్నాయి, లేని జంతువులు కనబడుతున్నాయి. నెల రోజుల పైనించి ఇలా ఉంటే మందెందుకు మొదలుపెట్టలేదు? శుక్రవారం రాగానే వార్డులో చేర్చెయ్యి. ఆఫీసుకి కూడా రాయాలి."

సరోజిని తన చేతిరాతకేసి చూసుకుంది. అయితే ఆ మనిషికి నిజంగానే పిచ్చి పట్టింది. లేదా తను రెండు నెలలుగా ఒక్క ముక్కా వినలేదు. ఈ రెండిట్లో ఏది నిజమైతే బాగుండునో అని ఒక్క క్షణం ఆలోచించి, అలా ఆలోచించినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

"శుక్రవారం నేను ఒకసారి మాట్లాడాక నిర్ణయిద్దాం సార్" అంది.

శుక్రవారం వీరరాఘవులు కూర్చోగానే సరోజిని ఫైలు మూసేసింది.

"రాఘవులుగారూ, బస్సులో గాడిద ఎక్కిందా?"

ఆయన మొహం మొదట పాలిపోయింది. తర్వాత చెవుల దాకా ఎర్రబడింది. సంచీలోంచి నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టాడు. గీతలు, చుక్కలు, వాటి పక్కన సున్నాలు.

"తప్పయిపోయిందండి. మీరు వింటున్నారో లేదోనని..."

"ఇవేంటి, సున్నాలు?"

"మీకొచ్చిన మార్కులండి."

సరోజిని వాటిని లెక్కపెట్టలేదు. నవ్వొచ్చింది, దాంతోపాటు ఏడుపూ వచ్చింది. ఏది ముందు రానివ్వాలో తెలియక మంచినీళ్లు తాగింది. "మిమ్మల్ని వార్డులో చేర్చమన్నారు, తెలుసా? మీ ఆఫీసుకి ఉత్తరం రాయమన్నారు" అంది.

వీరరాఘవులు లేచి నిలబడ్డాడు. "అమ్మా, నా సర్వీసు రికార్డులో పిచ్చి అని ఎక్కితే..."

"ఎక్కదు. కూర్చోండి."

ఆయన ఎదురుగానే ఫైలు తెరిచి, చివరి పేజీలో రాసింది. రాసింది ఆయనకి తెలుగులో చెప్పింది. 'పేషెంటుకి ఏ భ్రమలూ లేవు. చికిత్స చేసే మనిషి వింటోందో లేదో అని పరీక్షించాడు. ఆమె వినలేదు.' కింద సంతకం పెట్టింది.

ఆ తర్వాతి బుధవారం అదే కాగితం అందరి ముందూ చదివింది. ఒకరిద్దరు కిసుక్కున నవ్వారు. సుధీంద్ర నవ్వలేదు. ఆయనకి హవల్దారు సంగతి అప్పటికే చెవిన పడింది. "రేపట్నించి ఓపీ మొదలయ్యే ముందు అందరం పది నిమిషాలు శ్వాస మీద ధ్యాస పెట్టి కూర్చుందాం. నాతో సహా. ఇంకో మాట, పేషెంటు ముందు కళ్లు మూసుకోవద్దు. అదీ నాతో సహానే" అన్నాడు.

మొదటి రోజు మూడో నిమిషానికే ఎవరో గురక పెట్టారు. సరోజిని ముక్కు దగ్గర గాలి మీద మనసు నిలిపింది. గాలి లోపలికి. గాలి బయటికి. గ్యాస్ బుక్ చేశానా? గాలి లోపలికి. వ్యాను డ్రైవరు. గాలి ఎటుపోయిందో కూడా తెలియలేదు. వారం రోజులైనా అంతే. తనకిది అబ్బే విద్య కాదని తేల్చుకుంది.

ఆ మాట వీరరాఘవులుతోనే అంది. ఆయన దగ్గర దాచడానికి ఇంకేం మిగల్లేదు కదా.

"మీరు అన్నేళ్లు ఎలా విన్నారండీ? మనసు ఎటూ పోదా?"

ఆయన కుర్చీలో కాస్త ముందుకి జరిగాడు. తన పని గురించి తనని అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు.

"పోదా అంటే పోతుందండి. మనిషన్నాక పోదూ? కానీ డిక్టేషన్లో మనసు మాట వెనకాలే నడవాలి. ఆఫీసరు తర్వాతేం అంటాడో అని ముందుకి పరిగెత్తామా, చెడ్డాం. ఇందాకటి గీత సరిగ్గా పడిందా అని వెనక్కి చూశామా, ఇంకా చెడ్డాం. పోయిందని తెలిసిన క్షణమే వచ్చెయ్యాలండి. అయ్యో పోయిందే అని తిట్టుకుంటూ కూర్చుంటే ఇంకో రెండు వాక్యాలు పోతాయి."

సుధీంద్ర వారం రోజులుగా చెబుతున్నది ఇదే. ఆయన నోట్లో అది ఉపదేశంలా ఉండేది. ఇక్కడ పనిమంతుడి మాటలా ఉంది. తిట్టుకోవడం మానెయ్యమన్న ముక్క సరోజినికి బాగా పట్టింది. పది నిమిషాల్లో మనసు ముప్ఫైసార్లు మునిర్కా వెళ్తే, ముప్ఫైసార్లూ వెనక్కి పిలుచుకొచ్చేది. ఇంట్లో భవ్యశ్రీ హిందీలో స్కూలు కబుర్లు చెబుతుంటే కూడా అదే చేసింది. రెండ్రోజులు చూసి ఆ పిల్ల, "మమ్మీ, ఎందుకలా చూస్తున్నావు? నేనేం చెయ్యలేదు!" అని హిందీలోనే ఏడుపు మొహం పెట్టింది.

అందరు పేషెంట్లకీ ఇది నచ్చిందని చెప్పలేం. చడ్డా అనే ఒకావిడ మూడేళ్లుగా ప్రతి మంగళవారం వచ్చి, కోడలు తనకి టీ కూడా ఇవ్వదని ఏడ్చి వెళ్లేది. ఒక మంగళవారం సరోజిని, "ఒక్క నిమిషం. ఇచ్చిన టీ చల్లగా ఉందని సింకులో పోశానన్నారు ఇప్పుడే. అంటే ఇచ్చిందన్నమాట" అంది. చడ్డా ఆవిడ ఏడుపు ఠక్కున ఆగిపోయింది. తిన్నగా సుధీంద్ర దగ్గరికెళ్లి, "ఆ మేడమ్‌కి ఏదో అయింది. ప్రతి మాటా వింటోంది! నన్ను ఇంకెవరికైనా మార్చండి" అని అడిగింది.

వీరరాఘవులు మటుకు ఇంకా రెచ్చిపోయాడు. విననివాళ్ల దగ్గర అబద్ధం అతకడం ఏం గొప్ప? ఇప్పుడుంది మజా. ఎంత నేర్పుగా దాచినా సరోజిని ఠక్కున పట్టేసేది. "మంగళవారం సెలవన్నారు, మళ్లీ అదే రోజు లిఫ్టులో ఇరుక్కున్నానంటారేం?" అనేది. ఆయన జేబులోంచి పెన్సిలు తీసి, సున్నా బదులు టిక్కు పెట్టి, "శభాష్ అండి" అనేవాడు. అలా మూడు వారాలు గడిచాయి.

నాలుగో వారం ఆయన ఏమీ తేలేదు.

మే నెల. బయట వడగాలి. గదిలో కూలరు గడగడమంటోంది. వీరరాఘవులు నిద్ర గురించి రెండు ముక్కలు చెప్పి ఆగిపోయాడు. మామూలుగా అయితే సరోజిని ఇంకో ప్రశ్న వేసి ఆ ఖాళీ పూడ్చేసేది. ఈసారి పూడ్చలేదు. వ్యాను డ్రైవరు గుర్తొచ్చాడు, వెళ్లిపోయాడు. ఆమె ఎదురుగా ఉన్న మనిషినే చూస్తూ కూర్చుంది. ఆయన కుడిచేతి వేళ్లు మోకాలి మీద ఏవో గీతలు గీస్తున్నాయి, మళ్లీ మళ్లీ ఒకే గీత.

"ఏం రాస్తున్నారు రాఘవులుగారూ?"

ఆయన చేతికేసి చూసుకున్నాడు. అప్పటిదాకా ఆయనకే తెలియదు.

"నాట్ అండి" అన్నాడు. "ఇంగ్లీషులో నాట్. కాదు, వద్దు అని. మా లిపిలో దానికో పెద్ద గుర్తేం ఉండదండి. ముందు మాట గీతని సగానికి కుదించి, చివర చిన్న కొక్కెం తిప్పుతాం. అంతే. ఆ కొక్కెం పోతే మాట తలకిందులు."

కొక్కెం పోయింది క్రితం సెప్టెంబరులో. రాజగోపాల్ అని ఆయనతోపాటే పనిచేసే యూడీసీ గుమాస్తా, పాతికేళ్ల స్నేహం. కూతురు పన్నెండో తరగతిలో ఉంది, ఈ ఏడాది పోర్ట్‌బ్లెయిర్ బదిలీ వద్దు అని అర్జీ పెట్టుకున్నాడు. జాయింట్ సెక్రటరీ దయతలిచి, ఈ ఏడాది ఇతన్ని పంపవద్దు అని డిక్టేషన్ ఇచ్చాడు. వీరరాఘవులు టైపు చేసిన కాగితంలో పంపవచ్చు అని పడింది. సాయంత్రం విమానానికి వెళ్లే తొందరలో ఆ పెద్దమనిషి చదవకుండా సంతకం గీకేశాడు. పదిహేను రోజుల్లో రాజగోపాల్ పెట్టె సర్దుకుని, భార్యాకూతుళ్లతో సహా ఓడెక్కాడు. నెల తర్వాత పాత నోటుబుక్కు తిరగేస్తే, కొక్కెం లేని గీత కనబడింది.

"ఆ క్షణంలో నేనేం ఆలోచిస్తున్నానో తెలుసాండి? కూలరు తీసి అటకెక్కించాలా, ఇంకో వారం ఉంచాలా అని. ఇరవై ఎనిమిదేళ్లలో ఆ ఒక్క నిమిషం వినలేదు." కళ్లు తుడుచుకున్నాడు. "వాడు నెలకో ఉత్తరం రాస్తాడండి. 'నా కోసం నువ్వెంత ప్రయత్నించావో నాకు తెలుసురా' అని. ఆ ఉత్తరం వచ్చినప్పుడల్లా..."

సరోజిని ఫరవాలేదు అనలేదు. అందరూ పొరపాట్లు చేస్తారు అని కూడా అనలేదు. "నా సున్నాలన్నీ నాకు చూపించారు కదా. ఇది ఆయనకి చూపించడానికేం?" అని మాత్రం అడిగింది.

"మీ తప్పయితే నవ్వొచ్చిందండి. నా తప్పుకి నవ్వు రావట్లేదు."

"రానక్కర్లేదు. నాకూ ఆ కాగితం చదివినప్పుడు రాలేదు."

ఆ సాయంత్రం వీరరాఘవులు ముందు భార్యకి చెప్పాడు. అన్నపూర్ణేశ్వరి మొత్తం విని, నడుం మీద చేతులు పెట్టుకుని, "దీనికా నన్ను ఎనిమిది నెలలు నిద్రపోనివ్వంది? నాకప్పుడే చెబితే నేనే రాసిపడేసేదాన్ని కదా ఉత్తరం!" అంది. తర్వాత మెత్తబడి, కాగితం, పెన్నూ తెచ్చి ముందు పెట్టింది.

జవాబు మూడు వారాలకి వచ్చింది. మొదటి పేజీ అంతా తిట్లే. గోదావరి జిల్లా తిట్లు, ఢిల్లీలో వినబడక పాతికేళ్లయినవి. వీరరాఘవులు నిలబడే చదివాడు. రెండో పేజీలో ఇలా ఉంది: 'సంతకం పెట్టేముందు ఆయన చదవలేదు, అది ఆయన ఖర్మ. టైపు చేశాక నువ్వు చదవలేదు, అది నా ఖర్మ. ఇప్పుడు రేపే వెళ్లి ఆయనకి చెప్పు. ఫైలు కదిలేదాకా రోజూ దాని వెనకాల తిరుగు. తిరిగావో లేదో నాకు వారం వారం రాయి.'

ఆ రాత్రి ఆయన పదింటికి పడుకుని ఆరింటికి లేచాడు. మధ్యలో అన్నపూర్ణేశ్వరే రెండుసార్లు లేచి, మనిషి బాగానే ఉన్నాడా అని చూసిందట.

జాయింట్ సెక్రటరీ ముందు నిలబడి సంగతి చెప్పినప్పుడు, తిడతాడనుకున్నాడు వీరరాఘవులు. ఆ పెద్దమనిషి మాత్రం లేచి వెళ్లి తలుపు మూసి వచ్చాడు. చదవకుండా సంతకం పెట్టిన సంగతి నలుగురికీ తెలియడం ఆయనకీ ఇష్టం లేదు. సవరణ ఆ పూటే రాయించాడు. ఈసారి సంతకం పెట్టేముందు పేజీ రెండుసార్లు చదివాడు. అయినా ఫైలు అంటే ఫైలే. ఈ బల్లా ఆ బల్లా దాటి ఆర్డరు రావడానికి నవంబరు పట్టింది. అందాకా వీరరాఘవులు దాని వెనకాల తిరుగుతూనే ఉన్నాడు, వారం వారం రాస్తూనే ఉన్నాడు. జూన్ తర్వాత సరోజిని ఆయన్ని ఇక రానక్కర్లేదంది. ఆయన వెళ్లిపోయాక కొన్ని శుక్రవారాలు ఆమెకి కాస్త వెలితిగానే ఉండేది.

డిసెంబరులో రాజగోపాల్ ఓడ దిగి, మద్రాసులో రైలెక్కి, భార్యనీ కూతుర్నీ వెంటబెట్టుకుని ఢిల్లీ వచ్చాడు. పొగమంచుకి రైలు ఆరు గంటలు ఆలస్యం. వీరరాఘవులు తెల్లవారుజాము నించీ న్యూఢిల్లీ స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద టీల మీద టీలు తాగుతూ నిలబడ్డాడు.

రాజగోపాల్ దిగాడు. నల్లగా, సన్నగా అయ్యాడు. వీరరాఘవుల్ని పైనించి కిందికి ఒకసారి చూశాడు. పలకరించలేదు. సామాన్లు దింపించాడు. రెండు ట్రంకు పెట్టెలు, ఒక హోల్డాలు, గోనెసంచీలో కొబ్బరికాయలు. ఎర్రచొక్కా కూలీ పరిగెత్తుకొచ్చి పెట్టె మీద చెయ్యి వేశాడు.

"అక్కర్లేదు భయ్యా" అన్నాడు రాజగోపాల్. "మా మనిషున్నాడు."

వీరరాఘవులు మఫ్లరు తీసి తలపాగా చుట్టుకుని, మొదటి పెట్టె ఎత్తుకున్నాడు.